ఇంగ్లండు గ్రామనామములు

నార్మండీనుండి దండెత్తి వచ్చి 1066లో ఇంగ్లండును జయించిన విలియము రాజు, తనకు వశమైన దేశములో ఎంత భూమి కలదో, ఎన్ని నాగళ్లు దున్నుచున్నవో, ఎన్ని నీటిమరలు తిరుగుచున్నవో, ఎవరెవరు ఎంతెంత పన్ను చెల్లింపగలరో తెలిసికొనగోరి, 1085వ సంవత్సరపు క్రిస్మసు దినములలో గ్లాస్టరు పట్టణమున కొలువుదీర్చి ఆలోచించి, జిల్లాజిల్లాకును తన యుద్యోగులను బంపెను. మఱుసటి యేట, అనగా 1086లో, వారు తెచ్చిన లెక్కలు లాటిను భాషలో గ్రంథస్థము లయ్యెను. ఆ గ్రంథమునకు 'డూమ్స్‌డే బుక్కు' అని పేరు. చిత్రగుప్తుని చిట్టాకు తిరుగులేనట్లే ఈ చిట్టాకును తిరుగులేదని, లోకాంతమున జరుగు కడపటి తీర్పు పేరును ప్రజలే దానికి తగిలించిరి. అందులో 13,000లకు పైగా స్థలముల పేళ్లు కలవు. రాజు కోరినది పన్ను. కాని ఆయన లేఖకులు తమకు తెలియకయే మఱియొక ధనమును గూడ భద్రపఱచిరి. ఆ పేళ్లలో పెక్కింటిని పెట్టినవారు రాజులు కారు, కవులు కారు, మఠాధిపతులు కారు. అడవి నఱకి పొలము చేసినవారును, మేకలను మేపినవారును, ఏటిరేవు నొద్ద గుడిసె వేసికొన్నవారును తమలో తాము పిలుచుకొన్న పిలుపులే అవి.

దొరల కాలమున మన పాఠశాలలలో ఇంగ్లండు చరిత్రము చదివిన పెద్దలకు ఆ దేశపు రాజుల వరుసయు యుద్ధముల తేదీలును కంఠస్థములై యుండెడివి. ఆ దేశమున దున్నినవాని పేరు ఒక్కటియైన విన్నవారు అరుదు. ఇందుకు వారిని తప్పు పట్టరాదు. ప్రాచీన కాలమున అచ్చట చరిత్రము వ్రాసినవారు మఠములలోని సన్న్యాసులు. రాజుల పట్టాభిషేకములు, బిషప్పుల మరణములు, దండయాత్రలు, తోకచుక్కలు, ఇవియే వారికి వ్రాయదగిన విషయములు. రైతు వ్రాయ నేర్వలేదు. వానిని గుఱించి వ్రాసినవారును లేరు. అయినను వాడు ఒక్క గుర్తును విడిచి పోయెను. అది తన యూరి పేరు. రాజ్యములు మాఱినను, మతము మాఱినను, మాటలాడు భాషయే పోల్చరానంతగా మాఱినను, తండ్రినోటినుండి కొడుకు నేర్చుకొనుచు వచ్చుటచే ఆ పేరు నిలిచియున్నది. ఈ వ్యాసమున చెప్పదలచినది ఇంతయే: గ్రామనామములు వ్రాతరాని జనులు వ్రాసికొన్న చరిత్రము; అయితే దానిని చదువుటకు ఊహ చాలదు, ప్రమాణము కావలెను.

ఊహ యెంతదూరము కొంచుపోవునో చూపుటకు ఒక యుదాహరణము చాలును. ఇంగ్లండు నడిభాగమున లిచ్‌ఫీల్డు అను పట్టణము కలదు. ప్రాచీనాంగ్లమున 'లిచ్' అనగా శవము. 'ఫీల్డు' అనగా బయలు. కావున ఇది శవముల బయలనియు, రోమను చక్రవర్తి డయొక్లీషియను కాలమున క్రైస్తవులనేకులు ఇచ్చట వధింపబడిరనియు ఒక కథ పుట్టినది. కథ పుట్టి ఊరకుండలేదు. ఆ పట్టణపు ముద్రికమీద పడియున్న శవముల బొమ్మ చెక్కబడినది. తరతరముల పిల్లలు దానినే చరిత్రమని నమ్మిరి. నిజమేమనగా, రోమనులు ఆ ప్రాంతపు తమ నెలవును 'లేటోకేటుం' అని వ్రాసికొనిరి. అది అంతకు పూర్వమే అచ్చట నున్న బ్రిటనుల మాట. 'బూడిదవన్నె అడవి' యని దాని యర్థము. వేల్సు భాషలో నేటికిని ఆ రెండు పదములు గుర్తింపదగిన రూపములతో నున్నవి. పిమ్మట వచ్చిన ఆంగ్లజాతివారు ఆ మాట యర్థ మెఱుగక, వినవచ్చినట్లు పలికి, తమ 'ఫీల్డు' పదమును దానికి జేర్చిరి. అచ్చట చెట్లుండెను గాని శవములు లేవు. అర్థము మఱచిపోయినచోట కథ మొలచుట సర్వదేశములందును కలదు. మన స్థలపురాణములలోను ఇట్టి మొలకలు కొల్లలు. కథను కథగా విని ఆనందింపవచ్చును. సాక్షిగా మాత్రము బోనెక్కింపరాదు.

మఱి సాక్షి యెవరు? ఆ పేరుయొక్క మిక్కిలి పాతవ్రాత. ఒక యూరి పేరు నేడెట్లు వినబడుచున్నదను దానిని విడిచి, దానపత్రములలోను, వీలునామాలలోను, డూమ్స్‌డే చిట్టాలోను, పన్నుల జాబితాలలోను ఏయే శతాబ్దమున ఏయే రీతిని వ్రాయబడెనో వరుసగా చేర్చి చూడవలెను. కేంబ్రిడ్జి ఆచార్యుడు స్కీటు 1901లో తన జిల్లా పేళ్ల నీ విధమున పరిశోధించెను. 1923లో అల్లెను మాయరు, ఫ్రాంకు స్టెంటను మొదలగు పండితులు ఇంగ్లీషు స్థలనామ సంఘమును స్థాపించి, జిల్లాకొక సంపుటము చొప్పున ప్రకటింప మొదలిడిరి. నూఱేండ్లు గడచినను ఆ పని యింకను సాగుచునే యున్నది. 1936లో ఆ దేశపు స్థలనామముల కెల్ల ప్రసిద్ధమైన నిఘంటువును కూర్చినవాడు ఆంగ్లేయుడు గాక స్వీడను దేశీయుడైన ఐలెర్టు ఎక్వాలు అగుట గమనింపదగినది. పరిశ్రమకు స్వదేశ పరదేశ భేదము లేదు.

ఈ పద్ధతివలన తేలిన వింత లనేకములు. ఆక్స్‌ఫర్డు మండలములో ఆడర్‌బరీ యను గ్రామము కలదు. 'ఆడర్' అనగా నేటి యింగ్లీషున విషసర్పము. పాముల పుట్ట యేదియో అచ్చట నుండెనని ఎవరికైనను తోచును. కాని పదవ శతాబ్దపు వీలునామాలో ఈ గ్రామనామము స్పష్టముగా 'ఎయడ్‌బుర్గ్' అను స్త్రీ పేరుతో మొదలగుచున్నది. పాము మాయమై ఒక స్త్రీ ప్రత్యక్షమైనది. కేంబ్రిడ్జి చేరువనున్న గ్రాంట్‌చెస్టరును జూడుడు. లాటిను 'కాస్ట్రా' పదమునుండి వచ్చిన 'చెస్టర్' రోమనుల కోటకు గుఱుతు. వించెస్టరు, గ్లాస్టరు, లాంకాస్టరు అట్టివే. కాని 1086 నాటి వ్రాతలో ఈ గ్రామము 'గ్రాంటసేటె', అనగా గ్రాంటా నదీతీరవాసుల యూరు. అచ్చట కోట యను మాటయే లేదు. ఆ గ్రాంటా నదిమీది వంతెనయే 'గ్రాంటబ్రిడ్జి'. అది నార్మనుల నోట బడి 'కాంటబ్రిడ్జి' యై, తుదకు కేంబ్రిడ్జి యైనది. అంతట జనులు, ఊరు కేంబ్రిడ్జి గనుక నది పేరు 'కేం' కావలయునని నిశ్చయించి నదికే క్రొత్తపేరు పెట్టిరి. బిడ్డ పేరునుబట్టి తల్లికి నామకరణము చేసినట్లున్నది.

ఇట్లు సరిచూచుకొని చదివినచో, ఇంగ్లండు దేశపటము పొరలుపొరలుగా కనబడును. అన్నిటికంటె అడుగుపొర బ్రిటనులది. వీరు రోమనులకు పూర్వము నుండియు ఆ ద్వీపమున నున్న కెల్టు భాషీయులు. క్రీ. శ. 410 ప్రాంతమున రోమను ప్రభుత్వ మంతరించిన పిదప, సముద్రము దాటి ఆంగ్లులు, సాక్సనులు వచ్చి క్రమముగా దేశము నాక్రమించిరి. బ్రిటనుల యూళ్ల పేళ్లు చాలవఱకు పోయినవి. వారి యేళ్ల పేళ్లు నిలిచినవి. ఇంగ్లండులో ఏవను అను నదులు పెక్కులు. బ్రిటనుల భాషలో ఆ మాటకు 'నది' యనియే యర్థము. ఇది యేమని క్రొత్తవాడు వ్రేలుపెట్టి చూపి యడుగగా, 'ఏఱు' అని పాతవాడు చెప్పియుండును. క్రొత్తవాడు అదియే దాని పేరనుకొనెను. లాంకషైరులో పెండిల్ హిల్ అను కొండ యింకను చిత్రము. 'పెన్' అనగా బ్రిటనుల భాషలో కొండ. ఆ యర్థ మెఱుగని ఆంగ్లులు తమ 'హిల్' పదమును చేర్చి పెండిల్ అనిరి. అందలి హిల్ కూడ అరిగిపోయి మఱుపు పడగా తరువాతివారు మరల హిల్ చేర్చిరి. ఒకే పేరున కొండ, కొండ, కొండ యని మూడుమాఱులున్నది. ఒకరి మాట నొకరు వినిరే గాని ఒకరి భాష నొకరు నేర్వలేదని ఈ ఒక్క పేరు చెప్పుచున్నది.

ఓడినవారి గతి యేమయ్యెను? దీనికి 'వాల్టను' అను పేరుగల గ్రామములు కొన్ని బదులు చెప్పును. ఆంగ్లులు బ్రిటనులను 'వెయల్హ్' అనిరి. మొదట ఆ మాటకు పరదేశి యని యర్థము. తమ దేశముననే ఉన్న బ్రిటనులను, నిన్న వచ్చినవారు పరదేశులని పిలిచిరి. వేల్సు, వెల్షు అను నేటి మాటలకును అదియే మూలము. కాలక్రమమున ఆ మాటకే దాసుడను అర్థము గూడ కలిగినది. ఒక జాతి పేరు బానిసకు పర్యాయపద మగుట యెంతటి దుఃఖచరిత్రమో చదువరులే యూహింపగలరు. అయితే ఇచ్చటను తొందర తగదు. గోడ, అడవి యను అర్థములు గల వేఱు పదములనుండియు కొన్ని వాల్టనులు పుట్టినవి. ఏ వాల్టను ఏ కోవకు చెందునో పాతవ్రాతయే తేల్చవలెను. ఎక్కల్సు అను గ్రామములును ఇట్టి సాక్షులే. లాటిను 'ఎక్లేసియా' శబ్దము బ్రిటనుల నోట మాఱిన రూపమిది. ఆంగ్లులు రాక పూర్వమే బ్రిటనుల క్రైస్తవాలయ మచ్చట నుండెనని దీనివలన తెలియుచున్నది.

రెండవపొర ఆంగ్ల సాక్సనులది. నేటి గ్రామనామములలో అత్యధికభాగము వీరివే. ఊరిపేళ్ల తుదలందు వచ్చు 'టన్' అను పదమునకు మొదటి యర్థము కంచె. కంచె వేసిన దొడ్డి, దొడ్డిలోని యిల్లు, ఇల్లు పెరిగి పల్లె, పల్లె పెరిగి పట్టణము. నేటి 'టౌను' అనుమాట అదియే. 'హాం' అనగా నివాసము. 'ఇంగ్' అనునది వంశమునో పరివారమునో తెలుపును. బర్మింగ్‌హాం 'బెయోర్మ' యను వాని జనుల నివాసము. రెడింగు 'రేడ' యను వాని జనులు. ఇట్టి 'ఇంగ్' పేళ్లే వలసవచ్చినవారి తొలి యూళ్లని పండితులు చిరకాలము నమ్మియుండిరి. ఈ పేళ్లున్న తావులును ఆ తొలికాలపు శ్మశానములు బయటపడిన తావులును ఒక్కటిగా లేవని 1966లో డాడ్జను అను పండితుడు చూపగా, ఆ నమ్మకమును సవరించుకొనవలసి వచ్చెను. తన మాటను తాను దిద్దుకొనగలిగినదే శాస్త్రము.

నాటింగ్‌హాము కథ చదువరులకు నవ్వు దెప్పింపగలదు. ఆ యూరి మూలపురుషుని పేరు 'స్నాట్'. డూమ్స్‌డే చిట్టాలో అది 'స్నాటింగ్‌హాం' అనియే యున్నది. నేటి యింగ్లీషున స్నాట్ అనగా చీమిడి. నార్మనుల నాలుకకు మాటమొదట ఆ జంట హల్లు పలుకుట కష్టమై మొదటి యక్షరము జాఱిపోయినది. ఆ పురజనులు పరప్రభువులకు ఈ ఒక్క మేలునకైనను కృతజ్ఞులై యుండదగును. పాలకుల నాలుకకు తగినట్లు పాలితుల యూళ్ల పేళ్లు వంగుట మనకు క్రొత్త గాదు. ఆ నార్మనుల సంతతి కలిసిన జాతివారే మన దేశమున రాజమహేంద్రవరమును రాజమండ్రి యనియు, కడపను కడ్డపా యనియు తమ కాగితములలో వ్రాసికొనిరి గదా.

ఆ సేద్యగాండ్ర నిత్యజీవనమెల్ల ఈ పేళ్లయందే కలదు. బార్టను యవధాన్యపు కళ్లము, వీట్లీ గోధుమచేను, స్విండను పందుల కొండ, ఆక్స్‌ఫర్డు ఎద్దులు దాటు రేవు. 'లీ' యని ముగియు పేళ్లు అడవిని, అడవిలో నఱకిన మైదానమును చెప్పును. గొడ్డలి పనిచేసిన మేర యెంతవఱకో పటముమీద ఈ 'లీ'లను గుర్తుపెట్టినచో తెలిసిపోవును. 'విక్' అనగా ఒక్క పనికై యేర్పడిన పాడిదొడ్డి. చిజిక్కు జున్నుదొడ్డి. గాట్‌విక్కు మేకల దొడ్డి. నేడు లండనుకు విమానమున పోవు మనవారు కొందఱు దిగునది ఈ మేకల దొడ్డియందే. ఇంతేకాక వారి కన్ను మిక్కిలి నిశితమైనది. మార్గరెట్ గెల్లింగు అను విదుషి 1984లో ప్రకటించిన గ్రంథమున, ప్రాచీనాంగ్లమున కొండకుగల వేర్వేఱు మాటలు పర్యాయపదములు గావనియు, ఒక్కొక్కటి యొక్కొక్క యాకారమును చెప్పుననియు, నేలను చూచి నిరూపించెను. పై భాగము చదునుగానుండి ఊరు కట్టుకొన వీలైనది 'డన్'. మడమవలె ముందుకు పొడుచుకొనివచ్చినది 'హో'. గుండ్రని చిన్నదిబ్బ 'బెయోర్గ్'. దేశపటము లేని కాలమున దారినపోవువానికి పేరే పటము.

క్రైస్తవమతము 597లో అగస్టీను రాకతో ఆంగ్లులలో ప్రవేశించెను. అంతకు పూర్వము వారు కొలిచిన దేవతలను మఠములలో వ్రాసినవారు పేర్కొనుటకు ఇష్టపడలేదు. కాని పల్లెలు వారిని మఱువలేదు. వోడెను దేవుని పేర వెన్స్‌బరీ, ఉరుముల దేవుడైన థూనరు పేర ఎసెక్సులోని థండర్‌స్లీ, యుద్ధదేవత టీవు పేర టైసో నిలిచియున్నవి. ఇంగ్లీషు వారములలో బుధ, గురు, మంగళ వారముల పేళ్లును ఈ మువ్వురివే. లండను చేరువనున్న హారో యను పేరునకు అన్యమత దేవాలయమని యర్థము. ఆ కొండమీద నేడు క్రైస్తవాలయమున్నది. పేరు మాత్రము పాతదేవుని పక్షమున సాక్ష్యమిచ్చుచున్నది.

మూడవపొర డేనులది. 865లో వచ్చిపడిన వారి మహాసైన్యము మఠములను దోచినది, రాజులను చంపినది. చరిత్రకారులు వారిని దోపిడిగాండ్రుగనే వర్ణించిరి. కాని 876లో వారి నాయకుడు హాఫ్డను నార్తంబ్రియా భూములను తనవారికి పంచియీయగా, వారు నాగలిపట్టి దున్నసాగిరని ఆ కాలపు చరిత్రమే యొకచోట నొప్పుకొన్నది. ఆ దున్నినవారి పేళ్లే 'బీ' యనియు 'థోర్ప్' అనియు ముగియునవి: విట్బీ, గ్రిమ్స్‌బీ, స్కంథోర్ప్. గొఱ్ఱెల దొడ్డి దక్షిణమున షిప్టను. డేనుల యుచ్చారణ సోకిన ఉత్తరమున అదియే స్కిప్టను. దక్షిణపు చిజిక్కే ఉత్తరమున కెజిక్కు. అన్నిటిలోను ఇంగిల్‌బీ యను పేరు మిక్కిలి ఆలోచింపదగినది. దాని యర్థము 'ఆంగ్లుల పల్లె'. ఇంగ్లండులో నొక పల్లెకు ఆంగ్లుల పల్లె యని పేరు పెట్టవలసివచ్చె ననగా, ఆ చుట్టుప్రక్కల నెల్ల డేనులు నిండియుండి యుండవలెను. ఆ పేరు పెట్టినవారు పొరుగువారు. అందులో నుండినవారు అల్పసంఖ్యాకులు.

నాలుగవపొర నార్మనులది. ఇది మిక్కిలి పలుచన. భూమియంతయు వారి పాలైనను పేళ్లను వారు అంతగా మార్పజాలలేదు. అందమైన చోటను అర్థమున 'బోల్యూ' అని ఫ్రెంచిపేరు పెట్టినను, జనులు దానిని నేటికిని బ్యూలీ యనియే పలుకుచున్నారు. ఎక్కువగా వారు చేసినది పాతపేరు వెనుక తమ యింటిపేరును తోకగా తగిలించుట. 'స్టోక్' అను పల్లెలు అనేకములుండుటచే ఒకటి స్టోక్ మాండవిల్ అయినది. డార్సెటులో టాలరు అను రెండు పల్లెలు ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకటి మఠసోదరులది గనుక లాటినున టాలర్ ఫ్రాట్రుం. రెండవది పందులది గనుక టాలర్ పోర్కోరుం. లింకను మహాలయపు గాయకబాలుర పోషణకు ఈయబడిన యూరు ఆష్బీ ప్యూరోరుం. ప్రభువు పేరు తోక. రైతు పెట్టిన పేరు తల.

ఇక స్త్రీల సంగతి. ఆ కాలపు చరిత్రములలో రాణులును మఠాధికారిణులును తప్ప స్త్రీలు కానరారు. గ్రామనామములలో కాననగుదురు. ఎనిమిదవ శతాబ్దపు పూర్వార్ధమున వూస్టరు బిషప్పు కోల్ను నదియొద్ద కొంత భూమిని లెప్ప యను ప్రభువునకును అతని కూతురు బేయగకును వారి జీవితకాలమునకై యిచ్చెను. ఆ పత్రము నిలిచియున్నది. తండ్రి పేరు పత్రముననే యుండిపోయెను. ఆ భూమి బిబరీ యనగా 'బేయగయొక్క ఊరు' అయినది. 985లో వుల్ఫ్రను అను స్త్రీకి ఈథెల్రెడ్ రాజు భూములిచ్చెను. ఆమె పేర వెలసినదే వుల్వర్‌హాంప్టను. స్త్రీలు భూమికి హక్కుదారులై దాని నాజ్ఞాపింపగలిగిన దినములుండెనని ఈ పేళ్లు నిస్సందేహముగా చెప్పుచున్నవి. నార్మనుల న్యాయము వచ్చిన పిదప వివాహితస్త్రీ యాస్తి భర్త చేతిలోనికి పోయెను. 1882లో పార్లమెంటు చట్టము చేయువఱకును ఆమెకు తన సొత్తుపై పూర్తి హక్కు తిరిగి రాలేదు. నడుమ గడచిన శతాబ్దములన్నియు బిబరీ పేరు పలుకుచునే యుండిరి. దాని యర్థము మాత్రము ఎవరికిని వినబడలేదు.

అట్లే పేదవారు. 'చెయోర్ల్' అనగా ప్రాచీనాంగ్లమున స్వతంత్రుడైన రైతు. వారి పల్లెలే చార్ల్‌టను, కార్ల్‌టను, చోర్ల్‌టను అని దేశమంతట నున్నవి. ఆ చెయోర్ల్ మాటయే నేటి యింగ్లీషున 'చర్ల్' అనగా మోటువాడు, మర్యాద యెఱుగనివాడు. పల్లెవాడను అర్థముగల మఱియొక మాట 'విలన్' అనగా దుర్మార్గు డైనది. మాటలకు అర్థము చెప్పువారు ఎవరో ఇందువలననే తెలియును. నిఘంటువులో నీచపడిన రైతు ఊరిపేరున మాత్రము తన పూర్వపు గౌరవముతో నున్నాడు. కంబ్రియాలో థ్రెల్‌కెల్డ్ అను పల్లె కలదు. 'దాసుల ఊట' యని దాని యర్థము. డూమ్స్‌డే చిట్టాలో సుమారు 28,000 మంది దాసులు, అనగా అందు లెక్కింపబడినవారిలో పదింట ఒకరు, అంకెలుగా కానవత్తురు. వారికి పేళ్లు లేవు. ఆ ఉత్తరపు కొండలలో వారు నీరు ముంచుకొన్న ఊటకు మాత్రము పేరున్నది.

పేరుండి ఊరు పోయినవియు కలవు. 1348లో వచ్చిన మహామారి అనేక గ్రామములను క్షీణింపజేసినది. పిమ్మట గొఱ్ఱెలు మిగిలినవానిని మ్రింగినవి. ఉన్నికి ధర హెచ్చగా భూస్వాములు దున్నుపొలములను బీడుచేసి, ఇండ్లు పడగొట్టి, కాపురస్థులను వెడలగొట్టిరి. యార్కుషైరులో వారం పెర్సీ యను గ్రామమును 1950 మొదలు 1990 వఱకు వేసవివేసవికి త్రవ్వి పరిశోధించిరి. మహామారి దానిని చంపలేదు; 1500 ప్రాంతమున గొఱ్ఱెలమందలు చంపినవి. నేడచ్చట శిథిలాలయ మొకటి మాత్రము నిలిచియున్నది. మన కాలమునకు దగ్గఱగా, 1943లో డార్సెటులోని టైనెంను, విల్టుషైరులోని ఇంబరును సైనిక శిక్షణకై ఖాళీ చేయించిరి. యుద్ధము ముగియగనే తిరిగి వత్తుమని జనులు నమ్మి పోయిరి. వారు తిరిగి కాపురమునకు రాలేదు. 1944లో లండనుకు పడమట 'బీడునంటిన యిండ్లవరుస' యను అర్థముగల చిన్నపల్లెను విమానాశ్రయమునకై పడగొట్టిరి. ఆ పల్లె పేరు హీత్రో. లోకమంతయు నేడా పేరు పలుకుచున్నది. అది యొక పల్లె యని తలచువారు లేరు.

తుదకు ఒక్క గ్రామమును గుఱించి చెప్పి విరమింతును. డార్సెటులో పిడిల్ అను ఏఱు పాఱుచున్నది. దాని గట్టున నున్న పల్లెలకెల్ల ఆ యేటి పేరే. ఒక్కొక్కదానికి ఒక్కొక్కరి పేరు చేర్చి వేఱుపఱచిరి. పదునొకండవ శతాబ్దమున ఆర్క్ అను క్నూటు రాజు పరిజనునకు టోలా యను భార్య యుండెను. భర్త పోయిన పిదప ఆమె అందొక పల్లెను ఆబట్స్‌బరీ మఠమునకు ధర్మముగా నిచ్చెను. అదియే టాల్‌పడిల్. ఆమె భర్త ఆబట్స్‌బరీలో నొక సహకారసంఘమును స్థాపించి దానికి మందిర మిచ్చినవాడు. సభ్యులు చందాలు వేసికొని, ఒకరు చనిపోయినచో తక్కినవారు ఉత్తరక్రియలు నడుపవలయునని దాని నిబంధనలలో నున్నది. ఎనిమిదివందల యేండ్లకు తరువాత, అదే టాల్‌పడిల్‌లో, వారమునకు 7 షిల్లింగుల కూలి 6కు తగ్గింపబోవుచున్నారని విని, 1833లో వ్యవసాయపు కూలీలు ఒక సంఘముగా చేరి ఒకరికొకరు తోడ్పడుదుమని ప్రమాణము చేసికొనిరి. ఆ ప్రమాణమే నేరమని 1834 మార్చిలో ఆఱుగురిని ఏడేండ్ల ద్వీపాంతరవాసమునకు పంపిరి. దేశమంతట నలజడి లేవగా 1836లో వారికి క్షమాపణ దొరకినది. ఇంగ్లండులో కార్మికసంఘముల చరిత్రము చదువువా రెవ్వరును టాల్‌పడిల్ పేరు చెప్పక ముందునకు సాగలేరు. ఒక విధవ పేరును ఆఱుగురు కూలివాండ్ర కష్టమును ఆ ఒక్క మాటలో ఇమిడియున్నవి.

చదువరులారా, ఇంగ్లండువారు ఈ సత్యములను ఊహించి కనుగొనలేదు. చినిగిన దానపత్రములను విప్పి, మాసిన యక్షరములను చదివి, పొలము గట్లమీద నడచి, ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క రుజువు కూర్చిరి. మనకును శాసనములున్నవి, కైఫీయతులున్నవి, పల్లె, పాడు, పూడి, పఱ్ఱు అని ముగియు వేలకొలది ఊళ్లున్నవి. మన యూరి పేరున కర్థమేమని ఇంట పిల్లవాడడిగినపుడు, నోటికి వచ్చిన కథను చెప్పి వానిని ఊరడింపవచ్చును. లేదా, పాతవ్రాత యేమున్నదో వెదకి చూతము రమ్మని వానిని వెంటబెట్టుకొని పోవచ్చును. మొదటిది సులభము. రెండవదానివలననే మన పల్లెలను కట్టి, దున్ని, పేళ్లు పెట్టి, పేరులేక పోయినవారి ఋణము కొంతయైన తీఱును.